గోధుమలో రై ముక్క

మనం తినే చపాతీలో గోధుమ కానిది ఒక ముక్క ఉండొచ్చంటే నమ్ముతారా? నేను చెప్పేది కల్తీ సంగతి కాదు, క్రోమోజోమ్ సంగతి.

రై అనేది యూరప్ చలి ప్రాంతాల్లో పండే ధాన్యం. గోధుమకి దూరపు చుట్టం. గోధుమలో 21 జతల క్రోమోజోములు, రైలో 7 జతలు. 1930ల్లో జర్మనీలో ఈ రెండింటినీ సంకరం చేశారు. ఆ సంతానంలో గోధుమ 1బి క్రోమోజోమ్ పొట్టి భుజం పోయి, ఆ చోట రై 1ఆర్ పొట్టి భుజం అతుక్కుంది.

ఆ ముక్కలో నాలుగు రక్షణ జన్యువులున్నాయి. కాండం తుప్పుకి ఎస్ఆర్31, ఆకు తుప్పుకి ఎల్ఆర్26, పసుపు తుప్పుకి వైఆర్9, బూడిద తెగులుకి పీఎం8. ఒక్క దెబ్బకి రెండు కాదు, నాలుగు పిట్టలు! ఇంకేం, కవ్కాజ్ అనే సోవియట్ రకం నుంచి మెక్సికోలోని సిమ్మిట్‌కి, అక్కడ తయారైన వీరీ గోధుమల ద్వారా దేశదేశాలకి పాకింది. మన దేశంలో 1995లో విడుదలై లక్షల హెక్టార్లలో పండిన పీబీడబ్ల్యూ 343లోనూ ఇదే ముక్క.

తమాషా ఏంటంటే, పొలంలో చూస్తే అది మామూలు గోధుమే. లోపల ఉన్నది రై భుజమని శాస్త్రవేత్తలు తేల్చింది 1973లో. అసలు 1బి చివర మైక్రోస్కోపులో ఒక చిన్న బుడిపె కనిపిస్తుంది, రై భుజం వచ్చిన మొక్కల్లో అది కనపడదు. తర్వాత క్రోమోజోముల మీద చారలు తేల్చే సి-బ్యాండింగ్ రంగులు వచ్చాయి. ఆ తర్వాత గిష్. రై డీఎన్ఏకి మెరిసే రంగు తగిలించి, రంగు లేని గోధుమ డీఎన్ఏని ఎక్కువగా కలిపి క్రోమోజోముల మీద పోస్తారు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాల్ని గోధుమ డీఎన్ఏ కప్పేస్తుంది, రై ముక్క ఒక్కటే వెలుగుతుంది. మన భాషలో చెప్పాలంటే డిఫ్ అన్నమాట. కానీ ఒక్కో మొక్కకీ స్లైడు తయారుచెయ్యాలి. వేల మొక్కలుంటే, రైలో మాత్రమే ఉండే వరుస కోసం పీసీఆర్‌తో వెతుకుతారు. అది గ్రెప్!

ఇంత కష్టం ఎందుకంటారా? రై భుజం, గోధుమ భుజం మామూలుగా ముక్కలు మార్చుకోవు. కాబట్టి మంచీ చెడూ కలిసే వస్తాయి. ఆ భుజంలోనే సెకలిన్ అనే ప్రొటీన్ జన్యువులున్నాయి. వాటివల్ల బ్రెడ్డు పిండి జిగటగా తయారై మిషన్లకి అంటుకుంటుంది. కాలిఫోర్నియాలో లుకాషెవ్‌స్కీ భుజాల మధ్య మార్పిడి జరిగేలా చేసి, సెకలిన్ భాగాన్ని గోధుమ భాగంతో మార్చి 2000లో ప్రచురించాడు. ఎక్కడ తెగిందో కనిపెట్టే పద్ధతుల్లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

అసలు దెబ్బ తగిలింది 1998లో. ఉగాండాలో ఎస్ఆర్31 ఉన్న గోధుమకే కాండం తుప్పు పట్టింది. యూజీ99 అని పేరు పెట్టారు. కెన్యా, ఇథియోపియా, యెమెన్ దాటి 2007లో ఇరాన్‌లో కనపడింది. అంతకుముందే, 2005లో, బోర్లాగ్ 91 ఏళ్ల వయసులో ప్రపంచాన్ని హెచ్చరించాడు.

బాగా పనిచేస్తోంది కదా అని ఒకే కోడు ముక్కని అన్ని ప్రాజెక్టుల్లో కాపీ కొడతాం. బగ్ బయటపడిన రోజు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎక్కడెక్కడ ఉంది?" గోధుమ వాళ్ళ దగ్గర ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పరీక్షలైనా ఉన్నాయి. మన దగ్గరో?