ఓరియో బిస్కట్టు కథ

మొన్న సంక్రాంతి సమావేశంలో పిల్లల బల్ల మీద ఓరియో పాకెట్టు చూడగానే మా పెద్దత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని వెనకవైపు సన్నక్షరాలు చదవడం మొదలుపెట్టారు. ఆవిడ 1974లో ఈ దేశం వచ్చారు. "ఇందులో పందికొవ్వు ఉంటుందర్రా, తినకండి" అన్నారు. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ వచ్చిన తరువాత ఇరవై ఏళ్ళదాకా ఆ మాట అక్షరాలా నిజం. ఆ కథ మన పిల్లలకు తెలియాలి.

1898లో ఎన్నో బేకరీలు కలిసి నేషనల్ బిస్కట్ కంపెనీగా ఏర్పడ్డాయి. అదే తరువాత నబిస్కో అయింది. అంతకుముందు అమెరికాలో బిస్కట్లు కొట్లో పీపాలో పోసి విడిగా అమ్మేవారు. వాటిని గాలి, తేమ చొరని పొట్లంలో పెట్టి, పేరుతో అమ్మి లాభం గడించిన కంపెనీ ఇది.

ఓరియో 1912లో న్యూయార్కు నగరంలోని చెల్సీ ఫ్యాక్టరీలో పుట్టింది. అయితే రెండు నల్ల బిస్కట్ల నడుమ తెల్ల క్రీము పెట్టాలన్న ఆలోచన ముందుగా వీరిది కాదు. లూస్-వైల్స్ అనే మరో కంపెనీ 1908లోనే హైడ్రాక్స్ పేరుతో అటువంటి బిస్కట్టు తెచ్చింది. నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ల పేర్లు కలిపితే స్వచ్ఛత స్ఫురిస్తుందని వారి ఊహ. జనానికి మాత్రం ఆ పేరు మందుల షాపు వాసన వేసింది! చివరకు వెనక వచ్చిన ఓరియోయే అసలుదనీ, ముందు వచ్చిన హైడ్రాక్స్ నకలనీ లోకం నమ్మింది.

హైడ్రాక్స్‌కు ఒక్క బలం మిగిలింది. ఓరియో క్రీములో పందికొవ్వు వాడేవారు. హైడ్రాక్స్‌లో వాడేవారు కాదు. అందుచేత ఆహార నియమాలు పాటించే యూదు కుటుంబాలకు హైడ్రాక్సే దిక్కయింది. మన శాకాహారుల ఇళ్ళలోనూ, తెలిసినవారు అదే కొనేవారు. బడిలో పక్క పిల్లవాడు ఇచ్చిన ఓరియో తినకుండా ఇంటికి తెచ్చి "అమ్మా, ఇది తినొచ్చా?" అని అడిగిన పిల్లలు నేడు నడివయసు వారు.

1990ల మధ్యలో నబిస్కో పందికొవ్వు మానేసింది. అంతటితో పని పూర్తి కాలేదు. పాత కొవ్వు తగిలిన ఓవెన్లను కూడా శుద్ధి చేయాలన్నారు రబ్బీలు. మూడువందల అడుగుల పొడవైన ఓవెన్లను మంటతో కాల్చి శుద్ధి చేశారు. 1997లో యూదుల ఆమోదముద్ర లభించింది. మన వంటింటి మడి ఎరిగిన వారికి ఇది వింతగా తోచదు. హైడ్రాక్స్‌కు ఉన్న ఆ ఒక్క బలమూ పోయింది. 2003లో దాని తయారీ ఆగిపోయింది. 2015లో వేరొక కంపెనీ దానిని తిరిగి బతికించింది.

ఇక డాక్టరుగా ఒక మాట. పందికొవ్వుకు బదులు వచ్చింది పాక్షికంగా హైడ్రోజన్ పట్టించిన నూనె. అందులోని ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్టరాలును పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. అంటే మడి నిలిచింది గాని గుండెకు మేలు జరగలేదు! ట్రాన్స్ కొవ్వు ఎంతుందో 2006 జనవరి 1 నుంచి పాకెట్టు మీద చెప్పాలని ప్రభుత్వం శాసించింది. ఆ గడువు దగ్గరపడేసరికి కంపెనీ మళ్ళీ నూనె మార్చింది.

ఇప్పుడు ఓరియోలో పందికొవ్వూ లేదు, ఆ నూనే లేదు. కాని మూడు బిస్కట్లలో 160 కేలరీలు, దాదాపు 14 గ్రాముల చక్కెర ఉన్నాయి. మధుమేహం మన కుటుంబాలలో ఎంత ఎక్కువో మీకు చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం ఈ సంగతంతా పెద్దత్తయ్యగారికి చెప్పాను. అంతా విని, "అయితే ఇప్పుడు తినొచ్చన్నమాట" అన్నారు. ఒకటి తీసుకున్నారు. మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. "యాభై ఏళ్ళ అలవాటు నాయనా, ఇప్పుడు మింగుడు పడదు" అన్నారు.

ఆవిడ ఓరియో తిన్నా తినకపోయినా ఫరవాలేదు. ఆవిడలాగా పాకెట్టు వెనక్కి తిప్పి చదివే అలవాటు మాత్రం మన పిల్లలకు రావాలి.