తూటాగుల్ల చరిత్ర

1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు కడప జిల్లాకు చెందిన మదనపల్లె, జమీందారీ ముఖ్యస్థానమైన పుంగనూరు, కంగుంది జమీందారీలోని కుప్పం, ఈ పడమటి సీమ యంతటను పాళెగాండ్ర నాటి తుపాకి యనిన నోట నింపునదే: సురేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరిన నల్లమందును గొట్టములో పోసి, గుండును జారవిడిచి, కమ్మీతో దట్టించి, నిప్పు ముట్టించినగాని యది పలుకదు. వాన కురిసినచో మందుతోపాటు వీరుని ధైర్యమును తడిసెడిది.

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున వచ్చిన తూటా తుపాకి గొప్పతనము, నా మతమున, ఇత్తడి గుల్లలోనే యున్నది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము గల యీ గుల్ల మందు మండిన క్షణమున ఉబ్బి, తుపాకి గదిగోడల నంటుకొని వాయువును వెనుకకు రానీయక, ఒత్తిడి తగ్గగనే కొంత ముడుచుకొని వెలికి వచ్చును. కొంత మాత్రమే! మిగిలిన యా పిసరంత ఉబ్బువలననే వాడిన గుల్ల మరల గదిలో సులువుగ నిముడదు; కావుననే దానికి కందెన పూసి, ఉక్కు అచ్చులో నొక్కి, తొల్లింటి కొలతకు తెత్తురు. ఆ నొక్కుడుకు మెడ సాగును, దానిని కత్తిరింపవలెను. సాగి ముడిగి ఇత్తడి పెళుసెక్కును, మెడను కాచి మెత్తబరుపవలెను. సమ్మెటపోటుకు గట్టిపడిన చెంబును కొలిమిలో కాచి మరల సాగగొట్టు కంచరివాని నేర్పే యిది.

లోహమున దాగిన బిగువు చేయు చేటు ఆంగ్ల సైన్యమునకు మన దేశముననే తెలిసివచ్చినది. వానకాలమున గుఱ్ఱపుసాలలలో దాచిన తూటాల గుల్లలు, ఎవ్వరును పేల్చకయే, పగుళ్లు వాఱెను. గుఱ్ఱపు మూత్రమునుండి పుట్టు అమ్మోనియా, తయారీనాటి బిగువు కలిసి చేసిన పని యిదియని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనువారు వివరించిరి. తగుమాత్రము కాచిన బిగువు సడలి గుల్ల నిలుచునని తేల్చిరి.

నాటి చిత్తూరు జిల్లాలోనే తూర్పున మామండూరు అడవులలో తిరిగిన వేటకథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ చేతిలో నుండినదియు నిట్టి తూటా తుపాకియే, .405 వించెస్టరు. ఆ వేటల కాలము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ముగిసినది. కుప్పం, పలమనేరు అడవులు నేడు ఏనుగులకు నెలవైన కౌండిన్య అభయారణ్యము. 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము.