చొక్కా మీద జింక

ఉద్యోగమంతా పద్దుల మధ్యే గడిపినవాణ్ణి కనుక, ఆటల చరిత్ర చదివినా నా కన్ను డబ్బు సంగతి మీదికే పోతుంది. జర్మనీ ఫుట్‌బాల్‌లో జరిగిన ఒక ముచ్చట మిత్రులకు మనవి చేస్తాను.

1973లో బ్రౌన్‌ష్వైగ్ పట్టణపు క్లబ్బు డబ్బుకు కటకటలాడుతోంది. యేగర్‌మైస్టర్ మద్యం కంపెనీ అధిపతి గుంటర్ మాస్ట్ ఆదుకుంటానన్నాడు. ఆటగాళ్ళ చొక్కాల మీద తన ప్రకటన ఉండాలన్నాడు. ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనలు అందుకు ఒప్పుకోవు. క్లబ్బు చిహ్నం వేసుకోవడానికి మాత్రం అడ్డులేదు. దాంతో సభ్యులు సమావేశమై ఓటు వేసి, తమ పాత సింహాన్ని తీసేసి కంపెనీ వారి జింకతలనే చిహ్నంగా పెట్టుకున్నారు! ఆ ఏడాదే సమాఖ్య దిగివచ్చి చొక్కాల మీద ప్రకటనలను అనుమతించింది. తరువాత మాస్ట్ క్లబ్బుకు తన సరుకు పేరే పెట్టబోతే మాత్రం సాగనివ్వలేదు.

1998లో క్లబ్బులు కంపెనీలు పెట్టుకోవడానికి అనుమతిస్తూ, ఓట్లలో సగం మీద ఒకటైనా సభ్యుల సంఘం చేతిలో ఉండాలని షరతు పెట్టారు. ఇరవై ఏళ్ళకు మించి ఒకే సంస్థ పోషించినవాటికి మినహాయింపు ఇచ్చారు. బేయర్ కంపెనీ ఉద్యోగుల చొరవతో 1904లో వెలసిన లెవర్‌కూసెన్ క్లబ్బు అటువంటిదే. 2009లో రెడ్‌బుల్ కంపెనీ లైప్‌జిగ్‌లో పెట్టిన క్లబ్బు ఇంకో దారి తొక్కింది. ఓటుహక్కుగల సభ్యత్వం అతికొద్దిమందికే ఇచ్చింది. అక్షరాలా నిబంధన నిలిచింది; ఓటు వేసే జనమే లేరు.

సంఘాలు నడిపిన మనకు ఇది తెలియనిది కాదు. దాత ఎప్పుడూ కావలసినవాడే. తీర్మానం మాత్రం సర్వసభ్య సమావేశంలో జరగాలి. దానికి సభ్యులు రావాలి.