మన్రోలప్ప నుంచి శాలువా దాకా

కొలువు వదిలి వెళ్లే అధికారికి ఈ సీమ ఒకప్పుడు శాలువా కప్పలేదు, పిల్లలకు అతని పేరు పెట్టుకుంది. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807లో వెళ్లిపోయాడు. అప్పటి వాయల్పాడు, ఇప్పటి వాల్మీకిపురం, ఆ ఏలుబడిలోదే. ఆయన వేసిన శిస్తు తక్కువేం కాదు. అయినా పాళెగాళ్ల కాలంలో నలిగిన రైతుకు తన పేరు మీదే లెక్క రాయించుకోవడం పెద్ద సంగతి. అందుకే రాయలసీమలో మన్రోలప్పలు పుట్టారు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడు వాయల్పాడు, మదనపల్లె కడప నుంచి ఇటు చేరాయి. తాసిల్దార్లు బదిలీ మీద వచ్చారు, పోయారు. ఊళ్లో ఉండిపోయింది కరణం. ఇంటి అరుగే ఆఫీసు, ట్రంకు పెట్టే రికార్డు గది. ఏ సర్వే నంబరు ఎవరి అనుభవంలో ఉందో, ఏ గట్టు దగ్గర ఏ అన్నదమ్ములు కొట్టుకున్నారో అడంగల్ తెరవకుండానే చెప్పేవాడు. ఆ తెలివితో కొంపలు ముంచినవాళ్లూ ఉన్నారు, కాదనను.

1983 ఫిబ్రవరి ఆఖరున ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. రాష్ట్రమంతటా 18,000 మందికి పైగా సర్కారు ఉద్యోగులు ఇంటిదారి పట్టారు. మరుసటి జనవరిలో మునసబు, కరణాల పదవులే రద్దయ్యాయి. పూలదండ లేదు, సభ లేదు. రికార్డులు అప్పగించమన్న ఉత్తర్వు ఒక్కటే. తరతరాల కొలువుకు అంత పొడి వీడ్కోలు ఈ ప్రాంతం మళ్లీ చూడలేదనుకుంటాను.

1985లో మండలాలొచ్చాయి. అప్పటికే విరమణ వయసు మళ్లీ 58కి చేరింది, 2014లో 60, 2022లో 62 అయింది. ఈ చివరి రెండుసార్లూ రెండేళ్లపాటు వయసు మీరి దిగేవాళ్లే లేక సన్మాన సభలకు విరామం. మామూలు రోజుల్లో మాత్రం నెలాఖరు సాయంత్రం ఆఫీసు ముందు షామియానా, మడత విప్పని శాలువాల దొంతర, పక్క కుర్చీలో ఇబ్బందిగా సర్దుకునే భార్య, ఆపైన ఇంటిదాకా ఊరేగింపు. వక్తలంతా 'వివాదరహితుడు' అనే అంటారు. భూమి లెక్కలతో ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు ఆ సభల్లో చప్పట్ల వెనక మరో మాట నడుస్తోంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను లేదు, ఉన్నది సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం. వాళ్లు కూడా దిగిపోయే వయసుకు వస్తున్నారు. వేదిక దిగగానే తోటివాళ్లు మొదట అడిగేది శాలువాలెన్ని వచ్చాయని కాదు, సీపీఎస్సా, పాతదా అని.