ఒకే కిరాణా కొట్టు, రెండు వలసలు: అమెరికాలో డొమినికన్లు, అరబ్బులు



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. మెస్ నుంచి వచ్చాక తీరికగా చదవండి.

పోయిన నెల మా కాలేజీ సెమినార్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. మాటల్లో ఇలా అన్నాడు: "అమెరికాకి వలస పోయినవాళ్లని చూడండి. చేతిలో పైసా లేకుండా పోయారు, రిజర్వేషన్ అడగలేదు, కష్టపడ్డారు, ఓనర్లు అయ్యారు. కష్టపడితే ఎవరైనా పైకొస్తారు." ఆ మాట అన్నప్పుడు ఆయన చూపు మా హాస్టల్ పిల్లలు కూర్చున్న వరస మీదే ఉంది. మేం ఎవరం నోరెత్తలేదు. మా నాన్న ఇప్పటికీ వేలిముద్ర వేసే మనిషి. తెల్లారకముందే పోడుకి పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఆయన కష్టం ఎందులో తక్కువో నాకు అర్థం కాలేదు.

సరే, ఆయన చెప్పింది నిజమేనేమో చూద్దామని లైబ్రరీలో కూర్చున్నా. అమెరికాకి పోయిన రెండు జనాల చరిత్ర తీసుకున్నా. ఒకటి డొమినికన్లు, ఇంకోటి అరబ్బులు. ఈ రెండే ఎందుకంటే, న్యూయార్క్‌లో వీళ్లిద్దరూ ఒకే వ్యాపారంలో కనిపిస్తారు. అక్కడ వీధి మూలన ఉండే చిన్న కిరాణా కొట్టుని బొడెగా అంటారు. స్పానిష్ మాట. ముందు ఆ కొట్లు ఎక్కువగా ప్యూర్టోరికో వాళ్లవి. తర్వాత చాలావరకు డొమినికన్ల చేతికి వచ్చాయి. ఇప్పుడు వేల కొట్లు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులవి. కొట్టు అదే, గల్లాపెట్టె దగ్గర మనిషి మారాడు. కానీ ఆ గల్లా దాకా వచ్చిన దారులు వేరు.

డొమినికన్లు ఎలా వచ్చారు

డొమినికన్ రిపబ్లిక్ కరీబియన్ సముద్రంలో ఒక దీవిలో పెద్ద భాగం. మిగతా భాగం హైతీ. అక్కడ 1930 నుంచి 1961 దాకా ట్రుహియో అనే నియంత పాలన. 31 ఏళ్లు. ఆయన కాలంలో మామూలు మనిషికి పాస్‌పోర్ట్ దొరకడమే గగనం. 1961 మేలో ఆయన్ని కాల్చి చంపారు. తర్వాత ఎన్నికల్లో గెలిచిన హువాన్ బోష్‌ని ఏడు నెలలకే, 1963లో, సైన్యం దించేసింది. ఆయన్ని తిరిగి తేవాలని 1965 ఏప్రిల్‌లో జనం తిరగబడితే, అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్ 20 వేలకు పైగా సైనికుల్ని దింపాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమెరికా సైన్యం వాళ్ల దేశానికి పోయింది, ఆ తర్వాతే వాళ్ల జనం అమెరికాకి పెద్ద ఎత్తున కదిలారు. ఊళ్లో కోపంగా ఉన్న కుర్రాళ్లు దేశం దాటి పోతే రెండు ప్రభుత్వాలకీ నెమ్మది. వీసాలు సులువయ్యాయి. అదే 1965లో అమెరికా తన వలస చట్టం కూడా మార్చింది. దాంతో ముందు పోయినవాళ్లు తమ కుటుంబాల్ని పిలిపించుకోగలిగారు. 1980ల్లో ఆ దేశం అప్పుల్లో మునిగి ధరలు మండిపోయాయి. 1984 ఏప్రిల్‌లో జనం రోడ్డెక్కితే కాల్పులు జరిగాయి. ఆ ఒక్క దశాబ్దంలో సుమారు 2.5 లక్షల మంది చట్టబద్ధంగానే అమెరికాకి వచ్చారు.

ఎక్కువమంది న్యూయార్క్‌లో వాషింగ్టన్ హైట్స్ అనే పేటలో దిగారు. ఆడవాళ్లు బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టు మిషన్ల మీద, మగవాళ్లు హోటళ్లలో, ఫ్యాక్టరీల్లో. కానీ వాళ్లు వచ్చిన టైమ్ చూడండి. 1950లో న్యూయార్క్ నగరంలో సుమారు 10 లక్షల ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఉండేవి. 1990ల మొదటికి వాటిలో మూడో వంతు కూడా మిగల్లేదు. నిచ్చెన ఎక్కుతుంటే కింద నుంచి ఒక్కో మెట్టూ ఊడిపోయినట్టు అన్నమాట. అందుకే చాలామంది అద్దె కార్లు నడిపారు, అప్పో సొప్పో చేసి బొడెగాలు కొన్నారు. రోజుకి 14, 15 గంటలు, ఇంటిల్లిపాదీ పనే. సెమినార్ పెద్దాయన చెప్పిన "ఓనర్లు" వీళ్లే.

అరబ్బులు ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చారు

అరబ్బుల కథ ఇంకా పాతది. 1880 నుంచి 1924 మధ్య సుమారు లక్ష మంది వచ్చారు. ఎక్కువగా నేటి లెబనాన్, సిరియా ప్రాంతాల క్రైస్తవులు. అప్పుడు అదంతా టర్కీ సుల్తాన్ కింద ఉండేది. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్ట్రీట్ దగ్గర వీళ్ల పేటని లిటిల్ సిరియా అనేవాళ్లు. 1892లోనే అక్కడ అరబిక్ పత్రిక మొదలైంది.

వీళ్ల మొదటి పని మూట వ్యాపారం. సూదులు, దారాలు, లేసులు, జపమాలలు మూటకట్టి భుజాన వేసుకొని పల్లె పల్లె తిరిగి అమ్మేవాళ్లు. మన సంతకి మైదానం నుంచి మూటలతో వచ్చే వ్యాపారుల్ని గుర్తుతెచ్చుకోండి, అలా. మూట నుంచి కొట్టు, కొట్టు నుంచి గోడౌన్. అమెరికా పల్లెలు అప్పుడే పెరుగుతున్నాయి, కొనేవాళ్లు ఉన్నారు. నిచ్చెన మెట్లు గట్టిగా ఉన్న కాలం అది.

తర్వాత మిషిగన్ రాష్ట్రంలో ఫోర్డ్ కార్ల కంపెనీ 1914లో రోజుకి 5 డాలర్ల కూలి ప్రకటించింది. లెబనీయులు, యెమెనీలు అటు కదిలారు. ఆ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ ఉన్న డియర్‌బోర్న్ ఊరు అలా అరబ్బుల ఊరు అయ్యింది.

1924 చట్టం దాదాపు తలుపు మూసేసింది. 1948 తర్వాత పాలస్తీనా నుంచి, 1950ల్లో ఈజిప్ట్, ఇరాక్‌ల్లో రాజుల పాలనలు పోయాక అక్కడి చదువుకున్న కుటుంబాల నుంచి కొందరు వచ్చారు. 1965 తర్వాత డాక్టర్లు, ఇంజనీర్లు, యూనివర్సిటీ విద్యార్థులు వచ్చారు. ఆ తర్వాత యుద్ధం తరిమిన వాళ్లు: 1975 నుంచి లెబనాన్, 1991 తర్వాత ఇరాక్, 2015 తర్వాత యెమెన్. అంటే "అరబ్బు" అనే ఒక్క మాటలో డాక్టరూ ఉన్నాడు, గుడారం నుంచి వచ్చిన శరణార్థీ ఉన్నాడు.

లెక్కలు ఏం చెప్తాయి

2000 సంవత్సరం అమెరికా సెన్సస్ ప్రకారం పెద్దవాళ్లలో డిగ్రీ చదివినవాళ్లు అరబ్బుల్లో నూటికి 41 మంది. మొత్తం దేశంలో నూటికి 24. డొమినికన్లలో నూటికి సుమారు 11. పేదరికం చూస్తే దేశం మొత్తం మీద నూటికి 12, అరబ్బుల్లో 17, డొమినికన్లలో 27 పైనే.

ఇక్కడ నేను ఆగిపోయా. అరబ్బుల్లో చదువు దేశ సగటు కన్నా ఎంతో ఎక్కువ, కానీ పేదరికం కూడా దేశ సగటు కన్నా ఎక్కువే! ఇదెలా? విప్పి చూస్తే తెలిసింది. లెబనీయుల్లో పేదరికం నూటికి 11 దగ్గర ఉంటే, ఇరాకీల్లో నాలుగో వంతు దాటింది. నాలుగు తరాల క్రితం మూటతో వచ్చిన కుటుంబం, నిన్న యుద్ధం నుంచి వచ్చిన కుటుంబం, రెండూ ఒకే గడిలో పడ్డాయి. సగటు అబద్ధం చెప్పదు, కానీ సగం దాస్తుంది.

డొమినికన్ల లెక్కలో ఇంకో చిక్కు. 2000 సెన్సస్ ఫారంలో ప్రశ్న అడిగిన తీరు వల్ల చాలామంది డొమినికన్లు "ఇతర హిస్పానిక్" కిందకి పోయారు. సుమారు 7.65 లక్షలు అని లెక్క వచ్చింది, అసలు సంఖ్య 10 లక్షలు దాటుతుందని పరిశోధకులు తేల్చారు. లెక్కలో లేనివాడికి బడిలో వాటా లేదు, ఆస్పత్రిలో వాటా లేదు, ఓటులో బలం లేదు.

రంగు, చట్టం

అమెరికాలో 1790 చట్టం ప్రకారం వలస వచ్చినవాడు పౌరుడు కావాలంటే "తెల్లవాడు" అయ్యుండాలి. సిరియన్లు తెల్లవాళ్లా కాదా అని కోర్టులో పెద్ద గొడవ. 1915లో డౌ అనే సిరియన్ కేసులో అప్పీల్ కోర్టు "తెల్లవాళ్లే" అంది. ఎనిమిదేళ్లకి, 1923లో, పంజాబ్ నుంచి పోయిన భగత్ సింగ్ థింద్ అదే మెట్ల మీద నిలబడ్డాడు. అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. సుప్రీంకోర్టు "నువ్వు తెల్లవాడివి కాదు" అంది. ఒకే చట్టం. సిరియన్‌కి పౌరసత్వం, భూమి, ఓటు. మన దేశం మనిషికి ఏదీ లేదు. ఇందులో కష్టం ఎక్కడ, బద్ధకం ఎక్కడ?

అలాగని ఆ "తెల్ల" ముద్ర అరబ్బుల్ని ఎప్పుడూ కాపాడలేదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002లో, 25 దేశాల నుంచి వీసాల మీద వచ్చిన 16 ఏళ్లు దాటిన మగవాళ్లు ఆఫీసులకి పోయి వేలిముద్రలు వేసి రావాలని రూల్ పెట్టారు. ఒక్క ఉత్తర కొరియా తప్ప అన్నీ ముస్లింలు ఎక్కువున్న దేశాలే. 80 వేలకు పైగా మంది పోయారు, 13 వేల దాకా మందిపై దేశం నుంచి పంపించే కేసులు పెట్టారు. కాగితం మీద తెల్లవాడు, విమానాశ్రయంలో అనుమానితుడు. విడిగా గడి కావాలని దశాబ్దాలు అడిగితే, 2024 మార్చిలో "మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా" అనే గడి ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది.

డొమినికన్లకి ఆ కాగితపు ముద్ర కూడా లేదు. వాళ్లలో ఎక్కువమందిలో ఆఫ్రికా రక్తం ఉంది. అద్దె ఇల్లు అడిగినా, పోలీసు ఆపినా ముందు కనిపించేది రంగే. అదే 2001 నవంబర్ 12న న్యూయార్క్ నుంచి శాంటో డొమింగోకి బయల్దేరిన విమానం క్వీన్స్‌లో కూలింది. విమానంలోని 260 మంది, నేల మీద 5 మంది చనిపోయారు. ఎక్కువమంది డొమినికన్లే. వాషింగ్టన్ హైట్స్‌లో శోకం లేని వీధి లేదు.

అయినా ఎలా నిలబడ్డారు

ఒకటి, చదువు. 1969లో న్యూయార్క్ సిటీ కాలేజీని నల్లజాతి, ప్యూర్టోరికో విద్యార్థులు ఆక్రమించి పేద పిల్లలకి సీట్లు కావాలన్నారు. 1970 నుంచి సిటీ యూనివర్సిటీ తలుపులు తెరిచింది. ఆ తలుపులోంచి తర్వాత డొమినికన్ పిల్లలూ పోయారు. 1992లో అదే కాలేజీలో డొమినికన్ల చరిత్ర కోసం ఒక పరిశోధన సంస్థ వచ్చింది. తలుపు కొట్టింది ఒకరు, లోపలికి పోయింది ఇంకొకరు. ఇది మర్చిపోకూడదు.

రెండు, సంఘం, ఓటు. 1991లో గియెర్మో లినారెస్ నగర కౌన్సిల్‌కి గెలిచాడు, మొదటి డొమినికన్. ఒకప్పుడు కాగితాలు లేకుండా ఉన్న అద్రియానో ఎస్పయాట్ 2016లో దేశ పార్లమెంటుకి గెలిచాడు. డియర్‌బోర్న్‌లో 1971లో మొదలైన యాక్సెస్ అనే అరబ్బు సంఘం వచ్చినవాళ్లకి ఇంగ్లీషు నేర్పి, ఫారాలు నింపి పెట్టింది. 2021లో ఆ ఊరికి మొదటి అరబ్బు మేయర్ అబ్దుల్లా హమ్మూద్.

మూడు, కలిసి నిలబడటం. 2017 జనవరి 27న యెమెన్‌తో సహా ఏడు దేశాల వాళ్లని రానివ్వమని ప్రెసిడెంట్ ఉత్తర్వు ఇస్తే, ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో యెమెనీలు సుమారు వెయ్యి బొడెగాలు మూసేశారు. 24 గంటలూ తెరిచి ఉండే కొట్లకి షట్టర్ పడింది. వేలమంది బ్రూక్లిన్‌లో నిలబడ్డారు. షట్టర్ దించితే తప్ప, రోజూ టీ పోసేవాడికి కూడా పెళ్లాం పిల్లలు ఉంటారని, వాళ్లు సరిహద్దు అవతల చిక్కుకున్నారని నగరానికి తెలియలేదు.

ఒక వింత కూడా చెప్తా. ఆ రోజుల్లో మూటలు మోసిన లెబనీయులు కొందరు న్యూయార్క్ కాకుండా డొమినికన్ దీవిలోనే దిగారు. టర్కీ కాగితాలు ఉన్నాయని జనం వాళ్లని "తుర్కోలు" అని వెక్కిరించారు. 2020 నుంచి ఆ దేశ ప్రెసిడెంట్ లూయిస్ అబినాదేర్, ఒక లెబనీయుడి మనవడు. అదే దేశంలో చెరకు తోటల్లో తరాలుగా పనిచేసిన హైతీ కూలీల పిల్లల పౌరసత్వాన్ని 2013లో కోర్టు తీసేసింది. అంటే వలస బాధ తెలిసిన దేశం కూడా ఇంకో వలసవాడికి తలుపు మూస్తుంది. మన గుంపులో మనం కూడా మనకన్నా వెనక ఉన్నవాళ్లతో ఎలా ఉంటున్నామో ఒకసారి చూసుకోవాలి.

సెమినార్ పెద్దాయనకి నా జవాబు

అయ్యా, బొడెగాలో డొమినికన్, యెమెనీ ఇద్దరూ 15 గంటలే పనిచేశారు. మూట మోసిన సిరియన్ కూడా అంతే. కష్టం సమానం. తేడా ఎక్కడంటే ఏ కాలంలో వచ్చారు, ఏం చదువుతో వచ్చారు, చట్టం వాళ్లని ఏ గడిలో పెట్టింది, ఏ తలుపు ముందే ఎవరో కొట్టి తెరిచి ఉంచారు అన్న దగ్గర. ఇంకోమాట, వాళ్లు దేశం మారి పోయినవాళ్లు. మనం ఎక్కడికీ పోలేదు. మన అడవిలోకే వేరేవాళ్లు వచ్చారు. ఆ పోలికే సరిగా కుదరదు.

సగటు సంగతి మనకీ వర్తిస్తుంది. 2011 జనగణనలో దేశ అక్షరాస్యత నూటికి 73, ఎస్టీలది 59. కానీ ఆ 59లో రోడ్డు పక్క గూడెం, నల్లమల లోపలి చెంచు పెంట ఒకటేనా? విప్పి చూడాలి.

అందుకే ఒక పని అడుగుతున్నా. మీ గూడెంలో మొదట పదో తరగతి పాసైంది ఎవరు, ఏ ఏడాది, ఏ హాస్టల్లో ఉండి, ఎవరు చేయి పట్టి తీసుకుపోయారు? ఈ నాలుగు ముక్కలు కింద రాయండి. మా గూడెంలో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదటివాణ్ణి. నన్ను ఆరో తరగతిలో హాస్టల్‌లో చేర్పించింది మా మేనమామ. ఆయనకి చదువు రాదు, బస్సు బోర్డు రంగు చూసి గుర్తుపట్టి తీసుకుపోయాడు. మన లెక్క మనం రాసుకోకపోతే, ఇంకో సెమినార్‌లో ఇంకో పెద్దాయన రాస్తాడు.

జోహార్.