ఎవరి ఏడుపు, ఎవరి గొంతు

వనపర్తిలో మా ఇంట్లో పాటలకొక రేకుపెట్టె ఉండేది. అడుగున ఘంటసాల, పైన సినిమా పాటలు, మధ్యలో పేరు రాయని అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి. ఈ వ్యాసం నిజానికి ఆ పేరులేని క్యాసెట్టు గురించే. అక్కడికి రావాలంటే మిగతావి కూడా వినాలి.

నేను మొదట ప్రేమించింది 'పుష్పవిలాపం'. కరుణశ్రీ పద్యాలు, ఘంటసాల గొంతు. కోయడానికొచ్చిన మనిషిని పూలు నిలదీస్తాయి. చిన్నప్పుడు విని ఏడ్చాను, ఇప్పుడు విన్నా గొంతు పట్టేస్తుంది. 'కుంతీకుమారి' కూడా అంతే. పెళ్లికాని తల్లి పసిగుడ్డును నదిపాలు చేసే ఘట్టం. ఈ రెండూ వరసగా వింటున్నప్పుడు ఒక విషయం తట్టింది. ఏడుపు ఆడవాళ్లది. కలం, గొంతు మగవాళ్లవి. ఆ గానంలో లోపం ఉందని కాదు. 1974లో ఘంటసాల పోయాక విడుదలైన 'భగవద్గీత' కంటే నాకివే ఎక్కువ ఇష్టం. గీతలో ఆయన బోధిస్తారు, వీటిలో బాధపడతారు.

మరి ఆనాడు ఆడగొంతులు లేవా? ఉన్నాయి. టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి' అందరికీ తెలుసు. రావు బాలసరస్వతీదేవి లలితగీతాలు వింటే వేసవిలో కూడా ఇల్లు చల్లబడినట్టుంటుంది. కోలంక జమీందారుతో పెళ్లయ్యాక ఆమె నటన మానేశారు. ఆ రోజుల గ్రామఫోన్ ప్లేటుకు ఒక పక్కన మూడు నిమిషాల పాట పట్టేది. ఆ మూడు నిమిషాలు దక్కాలన్నా మద్రాసు దాకా వెళ్లగలిగిన ఇంటి పిల్లయి ఉండాలి.

మా వైపు నుంచి ఎవరు వెళ్తారు? గద్వాలను 'విద్వద్గద్వాల' అన్నారు. ఆ సంస్థానాన్ని చివరగా ఏలింది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. పండితులకు అక్కడ ఆదరం దొరికింది, పద్యాలు పుస్తకాలకెక్కాయి. నడుం వంచి నాట్లేసేవాళ్ల పాట గట్టు దాటలేదు.

అదే గద్వాల చుట్టుపక్కల ఇప్పుడు విత్తనపత్తి చేలున్నాయి. సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగాన్ని గిల్లేసి, మర్నాడు పొద్దున ఆ పూలకు మగపూల పుప్పొడి అద్దుతారు. 'క్రాసింగ్' అంటారు ఆ పనిని. చేసేది ఎక్కువగా ఆడపిల్లలు, ఆడకూలీలు. ఆ చేల పక్కనుంచి బస్సులో వెళ్తున్నప్పుడల్లా నాకు పుష్పవిలాపమే గుర్తొస్తుంది. పువ్వు బాధ క్యాసెట్టుకెక్కి ఇల్లిల్లూ తిరిగింది. రోజంతా పూలు గిల్లే పిల్ల వేళ్ల నొప్పిని ఎవరు పాడారు?

2002లో 'కుబుసం' సినిమాలో 'పల్లె కన్నీరు పెడుతుందో' వచ్చింది. రాసిన గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ వైపు గౌరారం. బాణీ, గానం వందేమాతరం శ్రీనివాస్‌వి. పాలమూరు లేబర్ అని పేరుపడి ఊరూరూ వలసపోయిన జనానికి అది సొంత పాటయింది. నాకూ అయింది. అందులో పల్లె తల్లి. ఆ తల్లి దుఃఖాన్నీ మళ్లీ ఒక కొడుకే పాడాడు. కొడుకు ప్రేమను నేను శంకించను. తల్లి పాడితే ఎలా ఉండేదో వినాలనిపించింది. లేచి వెళ్లి రేకుపెట్టె తెరిచాను.

పేరులేని క్యాసెట్టు కోసం. నాయనమ్మ పాడిన నాటుపాటలను నాన్న అందులో రికార్డు చేశారు. ఆమె ఒక్కో చరణం ఎత్తుకుంటే, వాడకట్టు ఆడవాళ్లంతా అందుకునేవారు. తన పాట టేపులో వినపడగానే "ఇట్లుంటదా నా గొంతు!" అని ఆమె కొంగుతో మూతి కప్పుకుంది. ఎవరూ చెరపకుండా నాన్న క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పెచ్చును విరగ్గొట్టారు కూడా. ఇంటర్ చదివే రోజుల్లో ఆ కంతకు సెల్లోటేపు అంటించి, కొత్త సినిమా పాటలు ఎక్కించింది నేనే. అప్పటికి నాయనమ్మ లేదు. నాకది ఖాళీ క్యాసెట్టుతో సమానం.

స్త్రీల పాటను చరిత్ర చెరిపేసిందని సభల్లో చాలాసార్లు మాట్లాడాను. మా ఇంట్లో ఆ పని చేసింది నా చెయ్యి. సినిమా పాట పాటగానూ, నాయనమ్మ పాట ఇంటి అలికిడిగానూ నా చెవికి అనిపించడం ఎక్కడ నేర్చుకున్నాను? ఆ రేకుపెట్టె దగ్గరే.

ఇప్పటి పాటలూ వింటాను. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో దర్శనం మొగిలయ్య గొంతు వినపడగానే ఒళ్లు పులకరించింది. లింగాల మండలం అవుసలికుంట మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర, 2022లో పద్మశ్రీ. కానీ పండుగొల్ల సాయన్న కథ పాడిన గొంతుకు సినిమా ఇచ్చింది కథానాయకుణ్ణి పొగిడే ఆ కాసేపే. అదే ఏడాది పెళ్లిళ్లను ఊపేసిన 'బుల్లెట్టు బండి'ని మోహన భోగరాజు హుషారుగా పాడింది. నేనూ చప్పట్లు కొట్టాను. అయితే రాసింది లక్ష్మణ్, పాటలో బండి నడిపేది పెళ్లికొడుకు. నా మనసు నిలిచింది మాత్రం 2020లో వచ్చిన కనకవ్వ 'నర్సపెల్లె' పాట దగ్గర. పెద్ద వయసు ఆడమనిషి, చేను చెలక ఎరిగిన గొంతు. దాన్ని ఎవరూ నునుపు చేయలేదు. మా నాయనమ్మ గొంతు అట్లాగే ఉండేదనుకుంటాను. రూఢిగా చెప్పలేను.

ఈమధ్య ఊళ్లలో ఎవరైనా పాడితే ఫోనులో రికార్డు చేస్తున్నాను. పాటకంటే ముందు పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పమంటాను. "నా పేరెందుకు బిడ్డా?" అని అందరూ నవ్వుతారు. నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్లీ అడుగుతాను.