తెగిన దారిని కనిపెట్టుట

ఆలూరు ప్రాంతమువారికి ఆదోని రైలు స్టేషను పరిచితమే. మద్రాసు నుండి బయలుదేరిన రైలుమార్గము ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసినది. బండి నడుచుటకు పట్టాలు చాలును; క్షేమముగా నడువవలెనన్న, ముందరి పట్టాలపై వేరొక బండి ఉన్నదో లేదో తెలియవలెను. ఆ కాలముననే అమెరికాలో విలియం రాబిన్సన్ అను ఇంజనీరు ఈ సమస్యను చేపట్టెను.

ఆయన మొదటి ఏర్పాటులో, బండి వచ్చినప్పుడు విద్యుద్వలయము పూర్తియై సిగ్నలు అపాయమును తెలుపును. చూచుటకు బాగుగనే ఉన్నది. కాని మధ్యలో తీగ తెగినచో? బండి వచ్చినను ప్రవాహము కలుగదు. సిగ్నలు దారి నిరపాయమని అబద్ధము చెప్పును. ఆ మాట నమ్మి వచ్చు రెండవ బండి గతి ఏమి?

రాబిన్సన్ పద్ధతిని తలక్రిందులు చేసి, 1872లో పేటెంటు పొందెను. ఇందులో పట్టాలగుండా విద్యుత్తు ఎల్లప్పుడు ప్రవహించుచు, చివరనున్న రిలేను పట్టియుంచును. ప్రవాహమున్నంతవరకే దారి నిరపాయము. బండి ప్రవేశించినచో దాని చక్రములు, ఇరుసులు ప్రవాహమును అడ్డదారి పట్టించును, రిలే విడిపోవును. తీగ తెగినను, పట్టా పూర్తిగా విరిగి ప్రవాహము ఆగినను, బ్యాటరీ చచ్చినను ఫలితమదియే. ఇచట మౌనమే అపాయసూచన.

ఈ సూత్రమే నేటి కంప్యూటర్లకును ఆధారము. అనేకులు అడుగు సమాచారమును అందించు కంప్యూటరును సర్వరు అందురు. పరీక్షాఫలితములు వెలువడు దినమున అది మూగవోయినచో వేలాది విద్యార్థులు తల్లడిల్లుదురు. అందుచే దానికి రెండు నెట్‌వర్కు కార్డులు, రెండు కేబుళ్లు అమర్చి, ఒకటి పనిచేయుచుండ రెండవదానిని సిద్ధముగా ఉంచుదురు. అయితే మొదటిది చచ్చినదని తెలియుట ఎట్లు? చచ్చిన కేబులు తన చావుకబురు తాను పంపజాలదు కదా!

కనుక బ్రతికియున్నంతకాలము మాటాడుచుండవలెను. 1969లో మొదలైన ఆర్పానెట్‌లో పొరుగు కేంద్రములు పరస్పరము పలుకరించుకొని, బదులు రాకున్న ఆ మార్గమును విడిచెడివి. 1990 నాటి ఈథర్‌నెట్ ప్రమాణములో, పనిలేని వేళలందును సుమారు 16 మిల్లీసెకండ్లకొక విద్యుత్‌స్పందనము కేబులుపై పోవుచుండును. 1994లో అమెరికా అంతరిక్ష సంస్థలో స్టెర్లింగ్, బెకర్ అను వారు 16 చిన్న కంప్యూటర్లను జోడించి, వేగముకొరకు రెండు ఈథర్‌నెట్ మార్గములను ఒకటిగా వాడిరి. అట్టి జోడింపే పిమ్మట రక్షణకును ఉపకరించినది.

అయినను ఇందొక మెలిక గలదు. స్పందనము దగ్గరనున్న స్విచ్చివరకే సాక్ష్యమిచ్చును. ఆలూరులో మన వీధి బాగున్నదని ఆదోని బాట అంతయు బాగున్నదనుకొనవచ్చునా? అందుచే సర్వరు అప్పుడప్పుడు స్విచ్చికి ఆవలనున్న కంప్యూటరును ప్రశ్నించి, బదులు రానిచో రెండవ మార్గమునకు మరలును. మిక్కిలి తొందరపడి మరలుటయు మంచిదికాదు. క్షణకాలపు ఆలస్యమునే చావుగా భ్రమించి, అటునిటు ఊగిసలాడును. ఇక రెండు కేబుళ్లను ఒకే స్విచ్చికి తగిలించినచో, అది చెడిననాడు రెండును వ్యర్థమే.

ఉపాధ్యాయులు టార్చి బ్యాటరీ, బల్బు, తీగలతో దీనిని తరగతిలో చూపవచ్చును. వెలుగుచున్న బల్బును క్షేమసూచనగా భావించి, తీగలో ఏ చోటనైన విడదీయుడు. ఎక్కడ తెగినను వెలుగు ఆరి, ఆ సంగతి వెంటనే తెలియును. రెండవ దారి ఉన్నంతనే చాలదు. మొదటిది తెగిన సంగతి తెలిసినప్పుడే అది అక్కరకు వచ్చును.